గడప దాటిన బిడ్డ

విజయనగరమునకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున, నెల్లిమర్ల మండలములో, రామతీర్థమను గ్రామము గలదు. బోధికొండ, గురుభక్తకొండ, దుర్గకొండ అను అచటి కొండల పేర్లు వినినంతనే అది ఒక్క మతమువారి తావు కాదని తెలియును. గురుభక్తకొండపైని ఇటుక కట్టడముల శిథిలములను 20వ శతాబ్ది ఆరంభమున పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండర్ రీ త్రవ్వించి, అవి బౌద్ధవిహారముల అవశేషములని వెల్లడించెను. తూర్పు చాళుక్యుడైన విమలాదిత్యుని (1011–1018) కాలపు శాసనమొకటి, జైనాచార్యుడొకడు ఈ కొండకు వచ్చి మ్రొక్కిన సంగతి చెప్పుచున్నది. అంతకు ఎన్నియో శతాబ్దుల ముందటి విష్ణుకుండిన ఇంద్రవర్మ తామ్రశాసనము ఈ ఊరనే లభించినది. అది ఆ రాజు 27వ పాలనాసంవత్సరమున వ్రాయబడినది.

రాజుల యేండ్లు ఇట్లు రాగిపైనను రాతిపైనను లెక్కకెక్కినవి. ఆ కొండల క్రింది యిండ్లలో, చీరతో కట్టిన ఊయెలలో పెరిగిన పసివారి మొదటి యేడాదిని లెక్కించినవారెవరు? ఆ లెక్కకు శాసనము లేదు. అది వంటయింటిలో జరిగినది, పేర్లలో నిలిచినది, కొంతమట్టుకు శాస్త్రగ్రంథములకు ఎక్కినది. ఈ ప్రసంగము ఆ లెక్కను గూర్చియే.

బౌద్ధభిక్షువులు సంసారము విడిచినవారు. అయినను పసిబిడ్డ వారి విహారములలో లేకపోలేదు. 7వ శతాబ్ది ఉత్తరార్ధమున మన దేశమునకు వచ్చిన చీనా యాత్రికుడు ఇత్సింగ్, ఇచటి విహారములలో ద్వారమంటపమునందో భోజనశాల మూలనో హారీతి ప్రతిమ యుండుననియు, ఆమె చేతులలో ఒక శిశువును, మోకాళ్ళచుట్టు ముగ్గురో ఐదుగురో పిల్లలును ఉందురనియు, ప్రతిదినము ఆమె యెదుట అన్నము పెట్టుదురనియు వ్రాసెను. హారీతి మొదట పరుల బిడ్డలను తినివేయు యక్షిణి. బుద్ధుడు ఆమె బిడ్డనే దాచిపెట్టి, కడుపుకోత యెట్టిదో ఆమెకు తెలియజేసెనట. నాటినుండి ఆమె బిడ్డలను కాపాడు తల్లియయ్యెను. తెలుగునాట నాగార్జునకొండలో హారీతి ఆలయము బయల్పడినది. చంపునదియు కాచునదియు ఒకే దేవత యగుట గమనింపదగినది. పసిబిడ్డ మొదటి యేడాదిని తలచినప్పుడు ఆ కాలపువారి మనస్సులో నున్న భయమును, ఆశయు ఆ ఒక్క రూపమున ఇమిడియున్నవి.

ఆ భయమునకు ఈ ప్రాంతపు పేర్లును సాక్ష్యమే. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో తవుడు, తవిటయ్య, తవిటినాయుడు, తవిటమ్మ అను పేర్లు చాల వినవచ్చును. పెంటయ్య, పెంటమ్మ అనునవియు అట్టివే. ఊరు తెలియనివాడు వీనిని విని ఏమి పేర్లివి యనుకొనును. వరుసగా బిడ్డలు పోయిన తల్లి, క్రొత్తగా పుట్టిన బిడ్డను చేటలో పరుండబెట్టి పొరుగింటి యిల్లాలి చేతికిచ్చి, మరల పిడికెడు తవుడు వెలగా ఇచ్చి కొనుక్కొనెడిది. తవుటికి కొన్న బిడ్డ కనుక తవుడు. మరియొకచో బిడ్డను పెంటకుప్పపై నొక్క క్షణముంచి తీసికొనెడివారు. మృత్యువు విలువైన వస్తువుపైననే కన్ను వేయునని నమ్మిక. పశువులకు పెట్టు తవుడుపాటి విలువ చేయు సరుకును అది ముట్టదని ఆశ.

దీనిని మూఢాచారమని నవ్వివేయుట తేలిక. కాని 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో మన దేశమున పుట్టిన ప్రతి ఐదుగురిలో సుమారొకరు ఏడాది నిండకముందే గతించుచుండిరని మరువరాదు. బొడ్డు కోసిన కొడవలి మొననుండియో, గాయముపై అద్దిన బూడిదనుండియో ధనుర్వాతము సోకి, పుట్టిన వారము పది దినములలోనే పాలు త్రాగలేక కొయ్యబారి పోయిన బిడ్డలెందరో. దానిని బాలగ్రహమనిరి, దృష్టి యనిరి. గర్భిణులకు టీకాయు, శుభ్రమైన పురుడును అందిన పిమ్మట ఆ గ్రహము మెల్లగా తొలగినది. పురిటి ధనుర్వాతమును అదుపు చేసిన రాష్ట్రముగా ఆంధ్రప్రదేశమునకు 2003లోనే గుర్తింపు లభించెను. దేశమునకంతకును ఆ గుర్తింపు 2015లో వచ్చినది. 2020 నాటి నమూనా నమోదు లెక్కలలో, పుట్టిన ప్రతి వేయిమందిలో ఏడాదిలోపల గతించువారు దేశమున 28 మంది, ఆంధ్రప్రదేశమున 24 మంది. ఐదింట ఒకరికిని ఈ లెక్కకును గల దూరమే తవుడు అను పేరు చరిత్రలోనికి జరిగిన దూరము.

ఏడాది నిండుటను అబ్దపూర్తి యని పండుగ చేయుటలో గల గాఢత ఇపుడు అర్థమగును. జన్మతిథినిగాని జన్మనక్షత్రమునుగాని చూచి ఆయుష్యహోమము చేయుదురు. పుట్టువెండ్రుకలను సింహాచలమునకో ఇలవేల్పు సన్నిధికో మ్రొక్కుకొందురు. చౌలము మొదటి యేటనైనను మూడవ యేటనైనను చేయవచ్చునని మనుస్మృతి చెప్పినది. నాల్గవ నెల బిడ్డను ఇంటి వెలుపలికి తెచ్చుట, ఆరవ నెల అన్నప్రాశన మనునవియు ఆ గ్రంథమున గలవు. వాగ్భటుని అష్టాంగహృదయము ఐదవ నెల మంచిదినమున బిడ్డను నేలపై కూర్చుండబెట్టుమనెను; ఆరు, ఏడు, ఎనిమిది నెలలలో చెవులు కుట్టుమనెను. 20వ శతాబ్దిలో నేపాళమున వెలుగుచూచి 1938లో అచ్చైన కాశ్యపసంహిత, ఎనిమిదవ నెలలో మొలచు పండ్లు శ్రేష్ఠమని చెప్పుచున్నది.

తల్లిపాలు చాలని కాలము ఆరవ నెలతో మొదలగునను సంగతిని ఈ వైద్యులు బాగుగ కనిపెట్టిరి. ఆరు నెలలవరకు తల్లిపాలే, పిమ్మట పాలతోపాటు మెత్తని ఆహారము అని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2001లో నిర్ణయించినప్పుడు, మన ముత్తవ్వలకు అందులో వింత తోచియుండదు. అన్నప్రాశననాడు బిడ్డ ముందు పుస్తకము, బంగారము, పూలు, కత్తి మొదలగునవి పేర్చి, దేనిని పట్టుకొనునో చూతుము. చీనాలో ఈ వేడుక మొదటి పుట్టినదినమున జరుగును. 6వ శతాబ్దివాడైన యెన్ చిట్వీ తన కుటుంబ నీతిగ్రంథమున, మగబిడ్డకు విల్లంబులు, కాగితము, కుంచె పెట్టుదురనియు, ఆడబిడ్డకు కత్తెర, కొలబద్ద, సూది, దారము పెట్టుదురనియు వ్రాసెను. కొరియాలోను మొదటి పుట్టినదినముననే ఈ పరీక్ష. బిడ్డ జాతకము అందు తెలియునో లేదో కాని, దూరపు వస్తువును చూచి, కోరి, ప్రాకి, చేయి చాచి పట్టుకొనగలదా యను సంగతి మాత్రము నలుగురి కన్నుల యెదుట తేలును. ఈ పరీక్షకు ఆరవ నెల కొంత తొందరయే. చీనావారి యేడాది గడువే అనువైనదని నా యభిప్రాయము.

శాస్త్రము నెలలను చెప్పినది. వంటయిల్లు నెలలను చెప్పలేదు, పనిని చెప్పినది. నవ్విన నువ్వుండలు, బోర్లపడిన బొబ్బట్లు, ప్రాకిన పాకుండలు, గడప దాటిన గారెలు, అడుగు వేసిన అరిసెలు, పలికిన పంచదార చిలకలు. ఒక్కొక్క ఇంట ఒకటి రెండు పిండివంటలు మారవచ్చును. పేరులోని తొలి యక్షరము పనిలోని తొలి యక్షరముతో కలియుటయే నియమము. నవ్వునకును నువ్వులకును యతి చెల్లునా యని లాక్షణికులు సందేహింతురేమో కాని, మామ్మలు సందేహింపలేదు. చేసినవానిని ఇరుగు పొరుగులకు పంచుటలో మరియొక ప్రయోజనము గలదు. ఈ యింటి బిడ్డ ప్రాకినదని వీధికంతకు తెలియును. నూయి, పొయ్యి, కత్తిపీట గల ఊరిలో ఆ వార్త అందరికిని అవసరమే.

ఈ వరుసలో నాకు మిక్కిలి నచ్చినది గడప. బోర్లపడుట, ప్రాకుట ఏ దేశపు బిడ్డకైనను సమానమే. గడప దాటుట మన యిండ్లనుబట్టి వచ్చిన మెట్టు. పసుపు పూసిన ఆ కొయ్యదుంగ ఎత్తు నాలుగైదంగుళములే కావచ్చును. ప్రాకుచు వచ్చిన బిడ్డకు అదియే కొండ. ముందు చేతులు అవతల నాని, పొట్టను గడపపై నిలిపి, కాళ్ళను లాగికొనవలెను. అవతలి దిక్కున తలక్రిందగు భయము గలదు. అంతకన్న ముఖ్యమైనది, అవతల తల్లి కనబడదు. ఎనిమిది తొమ్మిది నెలల బిడ్డ క్రొత్తవారిని చూచి గుక్కపట్టి యేడ్చును, తల్లి కొంగు విడువదు. అదే బిడ్డ అదే నెలలలో తల్లిని వెనుక విడిచి గడప దాటును. ఈ రెండును ఒక్కసారి కలుగుట వింతవలె తోచును. కనబడని తల్లియు ఉన్నదని బిడ్డకు తెలియుటచేతనే అది తిరిగి చూడక సాగిపోగలదు.

స్విట్జర్లాండు పండితుడు ఝాఁ పియాజే తన ముగ్గురు బిడ్డలను పరిశీలించి 1937లో ప్రకటించిన గ్రంథమున ఈ సంగతినే విస్తరించెను. ఎనిమిదవ నెల ప్రాంతమున గుడ్డ క్రింద దాచిన వస్తువును బిడ్డ గుడ్డ తొలగించి వెదకును. అంతకు ముందు, కనుమరుగైన వస్తువు దానికి లేనట్లే. మన తల్లులు చీరచెరగు ముఖముపై కప్పి తీసి ఆడించు దోబూచి ఈ పాఠమునకు అభ్యాసము.

బిడ్డ పెరుగుటను దినచర్యగా వ్రాసిపెట్టు పద్ధతి పాశ్చాత్యదేశముల తండ్రులనుండి వచ్చినది. వారిలో ప్రసిద్ధుడు చార్లెస్ డార్విన్. 1839 డిసెంబరులో పుట్టిన తన తొలికుమారుని చేష్టలను ఆయన ఎప్పటికప్పుడు గుర్తువ్రాసి, 37 ఏండ్లు పెట్టెలో నుంచి, 1877లో ‘మైండ్’ అను పత్రికలో ప్రకటించెను. సరిగా ఏడాది నిండిననాడు ఆ బిడ్డ అన్నమునకు తనంత తానొక మాట కల్పించుకొనెనట. ఆ మాట ‘మమ్’. తెలుగు తల్లి ఈ సంగతి చదివిన నవ్వక మానదు. బిడ్డకు ‘మమ్మం’ పెట్టని తెలుగిల్లు ఏది? డార్విన్ దానిని తన కుమారుని సృష్టియని మురిసిపోయెను. పెదవులు మూసి తెరచిన వచ్చు మకారము ఆకలి గల ఏ బిడ్డ నోటనైనను తొలుత పలుకునదే కదా.

డార్విన్ చూచినది ఒక్క బిడ్డను. తరువాతివారు వందలమందిని చూచి, ఏ నెలకు ఏ పని యని పట్టికలు కట్టిరి. అమెరికాలో ఆర్నాల్డ్ గెసెల్ ఇందుకు పేరెన్నికగన్నవాడు. ఇచట ఒక చిక్కు వచ్చినది. సగటు బిడ్డ పండ్రెండవ నెల నడచునని పట్టికలో నున్నచో, పదునాల్గవ నెలకును నడవని బిడ్డ తల్లి నిద్రపోదు. నాలుగిండ్లవారు ఆమెను నిద్రపోనీయరు. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఘానా, భారతదేశము, నార్వే, ఒమన్, అమెరికా దేశములలో 816 మంది ఆరోగ్యవంతులైన బిడ్డలను అనుసరించి 2006లో ప్రకటించిన ఫలితములు ఈ చిక్కును చాలవరకు విడదీసినవి. ఆధారము లేక కూర్చుండుట 3.8 నుండి 9.2 నెలల వరకు ఎప్పుడైనను కావచ్చును. పట్టుకొనక నిలబడుట 6.9 నుండి 16.9 నెలల వరకు. ఒంటరిగా నడచుట 8.2 నుండి 17.6 నెలల వరకు. నూటికి సుమారు నలుగురు బిడ్డలు చేతులు, మోకాళ్ళు ఆనించి ప్రాకనే లేదు, అయినను నడచిరి. అనగా పాకుండలు ఎగిరిపోయి అరిసెలు వచ్చిన యిండ్లును గలవన్నమాట. పుట్టినదినమునకు నడవలేదని తల్లిని దెప్పుట తగదని ఈ లెక్కయే చెప్పుచున్నది. మన మామ్మల వరుసలో నెలలు లేకుండుట లోపము కాదని నేననుకొందును.

తొందరపెట్టుటచే నడక ముందు రాదు. చక్రముల చట్రము నడుమ బిడ్డను కూర్చుండబెట్టి తిప్పు బండ్లు అంగళ్ళలో విరివిగా దొరకుచున్నవి. వానివలన మెట్లపైనుండి పడి తల పగిలిన బిడ్డలు పెక్కుమంది యగుటచే కెనడా ప్రభుత్వము 2004లో వానిని నిషేధించెను. బిడ్డ తానై లేచి పట్టుకొని త్రోసికొనిపోవు మన పాతకాలపు మూడుచక్రముల కొయ్యబండి తీరు వేరు. ఆటవస్తువులను గూర్చి చరకుడు వ్రాసినది నేటి నిపుణులకును ఒప్పుదలయే. అవి రంగులు గలవియు, మ్రోగునవియు, తేలికయైనవియు, మొన వాడిగా లేనివియు, నోటిలో దూరనివియు, భయపెట్టనివియు కావలెనని ఆయన నియమము. బిడ్డను రాక్షసుల పేరు చెప్పి బెదిరింపరాదనియు అచటనే చెప్పెను. వరాహనది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడుకర్రను తరిణిపట్టి, లక్కరంగులు పూసి చేయు నున్నని బొమ్మలలో ఈ లక్షణములు పెక్కు కనబడును.

ఇక మాట. ఏడాది నిండు బిడ్డ పలుకు మాటలు ఒకటి రెండే కాని, దాని చెవి అప్పటికే ఎంతో చదువుకొనియుండును. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అను పరిశోధకులు 1984లో ప్రకటించిన ప్రయోగము మనకు ప్రత్యేకముగా పనికివచ్చునది. హిందీలోని టకార తకారముల భేదము ఆంగ్లేయుల చెవికి పట్టదు. కాని ఆంగ్లము మాటలాడు ఇంటిలోని ఆరు నుండి ఎనిమిది నెలల బిడ్డ ఆ భేదమును గుర్తించినది. పది పండ్రెండు నెలలు వచ్చునప్పటికి ఆ శక్తి చాలవరకు సన్నగిల్లినది. ఆ భేదము ప్రతిదినము వినుచు పెరుగు బిడ్డకో, అది నిలిచియుండును. మన యింటి బిడ్డకు ‘తాత’ వేరు, ‘టాటా’ వేరు. ఈ తెలివి మొదటి పుట్టినదినమునకు లోపలనే, మన మాటలు వినివిని స్థిరపడుచున్నది.

రేడియో పత్రికలో ఈ తరువాతి సంగతి వ్రాయుటకు కొంత సంకోచమే. అమెరికాలో పట్రీషియా కూల్ బృందము 2003లో ప్రకటించిన ప్రయోగములో, తొమ్మిది నెలల బిడ్డలకు చీనాభాషను పండ్రెండు మారులు వినిపించిరి. ఎదుట కూర్చుండి ఆడించుచు మాటలాడినప్పుడు బిడ్డలు ఆ భాషాధ్వనులను పట్టుకొనిరి. అవే మాటలను యంత్రము ద్వారా వినిపించినప్పుడు ఏమియు పట్టుకొనలేదు. ఊయెల ప్రక్కన రేడియో పెట్టిన పెద్దలకు కాలక్షేపమగును. బిడ్డకు మాత్రము మనుష్యుని ముఖము కావలెను.

మామ్మల వరుసను ఇంతవరకు మెచ్చుకొంటిని. అందలి కొరతను దాచరాదు. ఆ వరుసలో పండుగ గలదు. పండుగ రాని యింటికి చెప్పునది ఏమియు లేదు. బోర్లపడని బిడ్డకు బొబ్బట్లు ఉండవు, అంతే. పిలిచినను తల త్రిప్పని బిడ్డను చూచి ‘మేనమామకును ఆలస్యముగనే మాటలు వచ్చినవి’ అని సరిపుచ్చుకొనెడివారు. చెవులు వినబడని బిడ్డయు మొదటి నెలలలో ఊ కొట్టును, కేరింతలు కొట్టును. కావున లోపము పైకి తెలియదు. మూడేండ్లకును నాలుగేండ్లకును తెలిసిన పిమ్మట ఆ బిడ్డను మూగవాడనియు, తల్లి పూర్వజన్మమున ఏదో చేసినదనియు లోకము తేల్చివేసెడిది. ముందుగా తెలిసియుండినచో ఆ బిడ్డ వినుటకును పలుకుటకును సాయము చేయుటకు వీలుండెడిది. ఆలస్యము వేరు, ఆటంకము వేరు. ఆ రెంటిని విడదీయు సాధనము మామ్మల చేతిలో లేకుండెను.

ఆ సాధనము మన దేశముననే తయారైనది. బరోడాలో ప్రమీలా ఫాటక్ మన పిల్లలను పరీక్షించి 1970లో భారతీయ శిశువులకు అనువైన కొలమానమును రూపొందించెను. అది శిక్షణ పొందినవారికే సాధ్యము. ఊరిలోని కార్యకర్తకు పనికివచ్చు సులభమైన పట్టికను 1991లో తిరువనంతపురమున ఎం.కె.సి. నాయర్, ఆయన సహచరులును వెలువరించిరి. అందు 17 అంశములే. బిడ్డ వయస్సు గల చోట పట్టికపై ఒక పెన్సిలును నిలువుగా పెట్టవలెను. దానికి ఎడమప్రక్క నున్నవన్నియు బిడ్డ చేయుచున్నదా యని చూడవలెను. ఏ ఒక్కటి చేయకున్నను వైద్యునివద్దకు పంపవలెను. ఆ పదునేడింటిలో చిరునవ్వు గలదు, బోర్లపడుట గలదు, గంట మ్రోగిన దిక్కునకు తల త్రిప్పుట గలదు, పట్టుకొని నడచుట గలదు, చప్పట్లు కొట్టి ఆడుట గలదు. చప్పట్లు, తారంగమును ఎరిగిన మామ్మకు ఆ పట్టికలో సగము క్రొత్త కాదు. ఆమె ఎరుగనిది ఆ నిలువుగీత.

1975 అక్టోబరు 2న అంగన్‌వాడీలు మొదలైన పిదప తూనికయు, పోషణయు, టీకాల లెక్కయు ఊరిలోనికే వచ్చినవి. తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు తట్టమ్మ టీకా వేయించుటకు తీసికొనిపోవుదురు. సరిగా గడప దాటు వయస్సది. ఆనాడు కార్డుపై బరువు వ్రాయుచున్నప్పుడే, పేరు పెట్టి పిలిచిన తిరిగి చూచుచున్నదా, పట్టుకొని నిలబడుచున్నదా, బొటనవ్రేలు చూపుడువ్రేలు కలిపి మెతుకు ఏరుకొనుచున్నదా యని నర్సును అడుగుటకు తల్లికి హక్కు గలదు. రెండు నిముషముల పని. ఇంటికి వచ్చిన పిదప గారెలు వండుకొనవచ్చును.